బోర్డు నుంచి తెరకు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉపాధ్యాయులు, ఇంటరాక్టివ్ సాధనాలు

ఇంటరాక్టివ్ సాధనం విద్యార్థి చేసిన పనికి బదులిస్తుంది. జవాబు నొక్కితే తప్పో ఒప్పో చెబుతుంది, బిందువును జరిపితే బొమ్మ మారుతుంది, తీగ కలిపితే బల్బు వెలుగుతుంది. ఈ లెక్కన యూట్యూబ్ పాఠం, పవర్‌పాయింట్, పీడీఎఫ్ పుస్తకం ఈ కోవలోకి రావు. అవి ఎంత బాగున్నా పిల్లలు చూసేవే తప్ప చేసేవి కావు. ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ బడుల్లోనూ ఈ రెండు రకాలనూ కలిపి డిజిటల్ క్లాసు అనేస్తుంటారు. కానీ ఉపాధ్యాయులు నేర్చుకోవలసింది రెండింటికీ ఒకటి కాదు. వీడియో వేయడానికి లింకు దొరికితే చాలు. రెండో రకానికి పాఠాన్నే మళ్లీ ఆలోచించుకోవాలి: ఏ ప్రశ్న ఎప్పుడు వేయాలి, పిల్లలు ఏ తప్పు చేసే అవకాశం ఉంది, ఆ తప్పు బయటపడ్డాక ఏం చేయాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాత నల్లగొండ జిల్లాలోని పెద్ద పట్టణాలు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. మొదటి రెండూ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్లు. మూడోది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో రైస్‌మిల్లులకు పేరుపడ్డ ఊరు. మూడింటిలోనూ వీధికొకటిగా ప్రైవేటు బడులున్నాయి. చుట్టుపక్కల మండలాల్లో మండల పరిషత్, జిల్లా పరిషత్ పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. మిల్లుల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చిన హమాలీల పిల్లలు హిందీ మాట్లాడతారు. పాఠం తెలుగులోనో, ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లిషులోనో జరుగుతుంది. ఒకే గదిలో ఇన్ని స్థాయిలు ఉన్నచోట, ఎవరికి ఏం అర్థమైందో పీరియడు ముగియకముందే తెలిపే సాధనం నిజంగా అవసరం. ఈ ప్రాంతంలో ఇంటరాక్టివ్ సాధనాల మాట ఎత్తడానికి ఉన్న గట్టి కారణం ఇదే. ఆధునికత, పేరుప్రతిష్ఠల వంటివి దీని తరవాతే.

తెర ముందు కూర్చోబెట్టిన దశాబ్దాలు

తెలుగు నేల మీద బడికి తెర రావడం కొత్త సంగతి కాదు. ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే సైట్, 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లల కార్యక్రమాలతో పాటు విజ్ఞాన శాస్త్ర బోధనపై ఉపాధ్యాయ శిక్షణ కూడా ఆ ప్రయోగంలో భాగం. విద్య కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న కక్ష్యకు చేరింది. ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన మన టీవీ తెలంగాణలో 2017లో టి-శాట్‌గా పేరు మార్చుకుని నిపుణ, విద్య అనే రెండు చానళ్లతో నడుస్తోంది. వీటన్నింటిలోనూ పాఠం ఒకచోట తయారై అన్నిచోట్లకూ వెళ్తుంది. తరగతిలోని ఉపాధ్యాయులు టీవీ పెట్టి, పిల్లలను నిశ్శబ్దంగా ఉంచి, అయ్యాక కట్టేసే పాత్రకు పరిమితమయ్యారు.

కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఆ పాత్ర పెద్దగా మారలేదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలుపెట్టింది. ప్రైవేటు సంస్థలే యంత్రాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి అప్పగించే పద్ధతి అది. చాలా బడుల్లో కంప్యూటర్ గది, దాని టైంటేబుల్, దాని బోధకుడు అన్నీ వేరుగా ఉండేవి. లెక్కల సార్‌కు గానీ సైన్స్ మేడమ్‌కు గానీ ఆ గదిలోకి వెళ్లాల్సిన పని పడేది కాదు. 2013లో గడువు ముగిసి బోధకులు వెళ్లిపోయాక యంత్రాలు మిగిలాయి, వాటితో పాఠం చెప్పడం తెలిసినవారు మిగల్లేదు. ఈ పథకం నేర్పిన పాఠం విలువైనది. సబ్జెక్టు ఉపాధ్యాయుల చేతుల మీదుగా వెళ్లని సాంకేతికత ఒప్పందం ముగిసిన రోజే బడిని విడిచిపోతుంది. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు ప్రారంభించింది. కంప్యూటర్, ప్రొజెక్టర్ ఒకే పెట్టెలో ఉండే కె-యాన్ పరికరాలు తరగతి గదికి చేరాయి. ఇక్కడ పాఠం సబ్జెక్టు ఉపాధ్యాయుల చేతికే వచ్చింది గానీ, ఎక్కువగా వీడియో రూపంలోనే వచ్చింది.

దాదాపు అదే కాలంలో దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి తెలంగాణలో నడిచింది. టాటా ట్రస్టులు, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ కలిసి 2015లో కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్ ప్రారంభించాయి. క్లిక్స్ అనే పేరుతో ఇది రాజస్థాన్, మిజోరం, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నడిచింది. ఇంగ్లిషు, గణితం, సైన్స్ మాడ్యూళ్లు బడిలోని సర్వర్ మీదే ఉండేవి కాబట్టి నెట్ లేకపోయినా పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవారు. ఉపాధ్యాయులకు ఒక్కరోజు శిక్షణతో సరిపెట్టకుండా, టాటా సంస్థ సర్టిఫికెట్ కోర్సు, మొబైల్ గ్రూపుల్లో చర్చ జోడించారు. ఒక బడిలో ఎదురైన ఇబ్బందికి మరో జిల్లా ఉపాధ్యాయులు ఫోటో పెట్టి జవాబిచ్చే వీలుండేది. ఈ కార్యక్రమానికి 2017 సంవత్సరపు యునెస్కో కింగ్ హమద్ బహుమతి వచ్చింది. ఉపాధ్యాయులు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నకు తెలుగు రాష్ట్రాల్లో దొరికే మంచి జవాబుల్లో ఇదొకటి. దక్కవలసినంత ప్రచారం దీనికి దక్కలేదు.

2020: తప్పనిసరి అభ్యాసం

2020 మార్చి మధ్యలో తెలంగాణ బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి 3–10 తరగతుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. పాఠం టీవీలో వస్తే, ఉపాధ్యాయుల పని పిల్లలు చూశారా లేదా కనుక్కోవడం, వర్క్‌షీట్లు పంపడం, సందేహాలు తీర్చడం. దీనికి అందరి చేతిలో ఉన్న సాధనం వాట్సాప్. పల్లెటూరి బడుల్లో తరగతికో గ్రూపు మొదలైంది. పిల్లలు నోటుపుస్తకంలో చేసిన లెక్క ఫోటో తీసి పెడితే, సార్ ఎర్ర గీత గీసి తిరిగి పంపేవారు. చెప్పుకోవడానికి చిన్నదే అయినా, చాలామంది ఉపాధ్యాయులకు పిల్లల పనికి ఆన్‌లైన్‌లో బదులిచ్చిన తొలి అనుభవం ఇదే. జూమ్, గూగుల్ మీట్ ప్రైవేటు బడుల్లో ఎక్కువగా నడిచాయి. అక్కడి ఉపాధ్యాయులు సొంత ఫోను, సొంత నెట్ ప్యాకు, ఇంటి గోడకు ఆనించిన చిన్న బోర్డుతో నేర్చుకున్నారు. జీతాలు ఆగి చాలామంది వేరే పనులు చూసుకోవలసి వచ్చిన కాలం కూడా అదే. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆన్‌లైన్ బోధన చరిత్ర రాసేటప్పుడు ఈ మాట వదిలేయడం న్యాయం కాదు. అందరికంటే ముందు ఈ సాధనాలు నేర్చినవారే అందరికంటే తక్కువ ఆసరాతో నేర్చారు.

ఫోన్ల సంగతికి వస్తే, ప్రథమ్ సంస్థ అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. రెండేళ్లలో పెద్ద పెరుగుదలే. అయితే ఇంట్లో ఫోను ఉండటం వేరు, పాఠం వేళకు అది పిల్లల చేతిలో ఉండటం వేరు. నాట్ల కాలంలో తండ్రి పొలం పోతే ఫోనూ పొలం పోతుంది. అందుకే బడులు తెరిచాక నిలదొక్కుకున్నవి పిల్లలకు పరికరం అక్కరలేని సాధనాలు, లేదా తరగతికి ఒక్కటే తెర చాలనేవి.

శిక్షణలు

సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ శిక్షణ దీక్ష వేదిక మీద సాగుతోంది. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షతో పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ముడిపడి ఉన్నాయి. కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే ఆ పాఠం తాలూకు వీడియో, అభ్యాసం తెరుచుకుంటాయి. కేంద్రం 2019 ఆగస్టులో ముఖాముఖిగా ప్రారంభించిన నిష్ఠ శిక్షణ, కరోనా వల్ల 2020 అక్టోబరు నుంచి దీక్ష మీదికి మారింది. ఆ తొలి ఆన్‌లైన్ విడతలో 18 మాడ్యూళ్లు, వాటిలో ఒకటి బోధనలో సాంకేతికత వాడకం గురించి. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిషు మీడియం వచ్చినప్పుడు, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సహకారంతో ఉపాధ్యాయులకు కొన్ని రోజులు ముఖాముఖి, కొన్ని వారాలు ఆన్‌లైన్ కలిపిన శిక్షణ ఇచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలంది.

గంటలు లెక్కపెట్టడం తేలిక. దీక్ష కోర్సులో వీడియో ముగిస్తే శాతం పెరుగుతుంది, చివర క్విజ్ రాస్తే సర్టిఫికెట్ వస్తుంది. గడువు దగ్గరపడ్డప్పుడు గ్రూపుల్లో క్విజ్ జవాబులే తిరగడం చాలా జిల్లాల్లో తెలిసిన విషయం. దీనికి ఉపాధ్యాయుల బద్ధకం కారణమనడం తప్పు. ఇంటరాక్టివ్ బోధన గురించిన కోర్సును చూసి ముగించే వీడియోగా తయారుచేయడమే అసలు లోపం. చేసి నేర్చుకోవలసిన దాన్ని చూసి నేర్చుకోమన్నాక, చూసినట్టు నమోదు చేయించుకోవడం తప్ప ఎవరూ ఇంకేం చేయగలరు?

ముఖాముఖి శిక్షణల్లో రాష్ట్ర స్థాయి బృందం జిల్లా రిసోర్సు పర్సన్లకు, వారు మండల స్థాయి వారికి, వారు ఉపాధ్యాయులకు చెబుతారు. మెట్టు మెట్టుకూ సమయం తగ్గుతుంది. తెలంగాణ ఉన్నత పాఠశాలలకు 2023 నుంచి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అందరూ ఐఎఫ్‌పీ అనే పెద్ద టచ్ తెరలు వచ్చాయి. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన బడుల మెరుగుదల కార్యక్రమం మన ఊరు–మన బడిలోని పన్నెండు అంశాల్లో డిజిటల్ సదుపాయాలు ఒకటి. తెర ఆన్ చేయడం, పెన్ను రంగు మార్చడం, వైట్‌బోర్డు సేవ్ చేయడం లాంటివి ఒక పూటలో వచ్చేస్తాయి. శిక్షణ అక్కడ ఆగిపోతే ఐఎఫ్‌పీ ఖరీదైన టీవీగా మిగులుతుంది. కోదాడ దాటి అవతల ఆంధ్రప్రదేశ్‌లో బడుల మెరుగుదల పథకం నాడు–నేడు కింద ఇలాంటి తెరలే వచ్చాయి. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచడం మొదలైంది. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. సరిహద్దుకు రెండువైపులా ఉపాధ్యాయులకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: పరికరం ఎవరిదైనా, పాఠం తాము మార్చుకోగలరా, లేదా?

నేర్చుకోవలసింది ఏమిటి

ఉపాధ్యాయుల జ్ఞానం గురించిన ఆధునిక చర్చకు మూలం అమెరికా విద్యావేత్త లీ షుల్మన్. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధించడం తెలియడం ఒకటి, ఈ సబ్జెక్టులోని ఈ అంశాన్ని ఈ పిల్లలకు ఎలా చెప్పాలో తెలియడం మూడోది అని ఆయన 1986లో వాదించారు. 2006లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పున్యా మిశ్రా, మాథ్యూ కోలర్ దీనికి సాంకేతికతను కలిపి టీప్యాక్ అనే చట్రాన్ని ఇచ్చారు. సాధనం వాడటం విడిగా నేర్చుకుని ఆ తరవాత పాఠానికి అతికించడం కుదరదనీ, మూడూ కలిసే చోటే పని జరుగుతుందనీ వారి వాదన సారాంశం. తరగతిలో ఇదెలా ఉంటుందో పదో తరగతి విద్యుత్ ప్రవాహం పాఠంలో చూడవచ్చు.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో స్థాపించిన ఫెట్ ప్రాజెక్టు సైన్స్, గణితం సిమ్యులేషన్లను ఉచితంగా ఇస్తుంది. వాటిలో సర్క్యూట్లు కట్టే కిట్ ఒకటి. ఉపాధ్యాయులు తెర మీద బ్యాటరీ, తీగలు, ఒక బల్బు కలుపుతారు. బల్బు వెలుగుతుంది. రెండో బల్బును అదే వరుసలో, శ్రేణిలో పెట్టబోయే ముందు ఆగి అడుగుతారు: మొదటి బల్బు వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? రెండింటిలో ఏది ఎక్కువ వెలుగుతుంది? పిల్లలు జవాబు నోటుపుస్తకంలో రాయాలి, రాశాక మార్చకూడదు. చాలామంది బ్యాటరీకి దగ్గరున్న బల్బు ఎక్కువ వెలుగుతుందని రాస్తారు. కరెంటును మొదటి బల్బే కొంత తినేస్తుందని వారి ఊహ. అప్పుడు బల్బు కలిపితే రెండూ సమానంగా మసకబారుతాయి. తీగల్లో కదిలే ఎలక్ట్రాన్ల చుక్కలు వలయమంతా ఒకే వేగంతో పోతున్నట్టు కనిపిస్తాయి. ఊహకూ తెరకూ మధ్య వచ్చిన ఆ తేడా దగ్గరే పాఠం మొదలవుతుంది. తరవాత సమాంతర సంధానం: ఇంట్లో లైటు వేస్తే ఫ్యాను ఎందుకు మెల్లబడదు? ఆఖర్న ల్యాబు అల్మరాలోని టార్చి బల్బులు, సెల్లులతో అదే మళ్లీ చేయాలి. తెర మీది వలయంలో తుప్పు పట్టిన కొనలు, వదులైన తీగలు ఉండవు కనుక చేత్తో చేసి చూడటం అవసరం.

ఇదే సిమ్యులేషన్‌ను ప్రశ్న వేయకుండా ముందే చూపిస్తే అది వీడియో అవుతుంది. ఇంటరాక్టివ్ గుణం సాఫ్ట్‌వేర్‌లో సగమే ఉంటుంది, మిగతా సగం ప్రశ్న వేసే క్రమంలో ఉంటుంది. ఉపాధ్యాయులు నేర్చుకోవలసిన అసలు విద్య ఈ క్రమమే, దాన్ని నేర్పని శిక్షణకు ఎన్ని గంటలు పెట్టినా వృథా.

గణితంలో ఇలాంటి స్థానం జియోజెబ్రాది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో విద్యార్థిగా మొదలుపెట్టిన ఈ ఉచిత సాధనం నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. ఒక చాపం వృత్త కేంద్రం వద్ద చేసే కోణం, పరిధిపై మిగతా భాగంలో చేసే కోణానికి రెట్టింపు. బోర్డు మీద ఒక్క బొమ్మ గీసి నిరూపిస్తే, పిల్లలకు అది ఆ బొమ్మ గురించిన నిజంగానే తోస్తుంది. జియోజెబ్రాలో పరిధి మీది బిందువును వేలితో జరుపుతూ పోతే కోణం అంకె కదలకుండా నిలబడుతుంది. బిందువు చాపం అవతలికి దూకిన క్షణంలో అంకె మారిపోతుంది. ఎందుకు మారిందన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది. ఐఎఫ్‌పీ ఉన్న గదిలో ఆ బిందువును జరిపేది సార్ కాకుండా పిల్లలైతే మరీ మంచిది.

క్విజ్ సాధనాలకు ఎక్కువ ఆదరణ ఉంది. నార్వేలో పుట్టి 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కహూట్, 2015లో బెంగళూరులో మొదలైన క్విజిజ్ అందరికీ తెలిసినవి. రెండోది 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకుంది. త్వరగా జవాబిస్తే ఎక్కువ పాయింట్లు ఇచ్చే పద్ధతితో తరగతిలో హుషారు పుడుతుంది. అయితే నిన్నమొన్ననే ఇంగ్లిషు మీడియంలోకి వచ్చిన పిల్లలు ప్రశ్న చదివేలోపే గడియారం అయిపోతుంది. లెక్క వచ్చీ చదవడంలో వెనకబడ్డ పిల్ల అక్కడ ఓడిపోతుంది. సమయం పెంచడం, ప్రశ్నను రెండు భాషల్లో రాయడం, పేర్ల పట్టిక తెర మీద చూపకపోవడం చిన్న సెట్టింగులే. కానీ ఆ పిల్ల చెయ్యి మళ్లీ లేచేదీ లేవనిదీ వాటిమీదే ఆధారపడి ఉంటుంది.

పిల్లల చేతిలో పరికరాలు లేని బడికి ఇప్పటివరకు వచ్చిన వాటిలో బాగా నప్పేది ప్లికర్స్. ఒక్కో విద్యార్థికి ఒక్కో కాగితం కార్డు, దాని మీద నల్లటి గడుల బొమ్మ. బొమ్మ నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి. తనకు తోచిన జవాబు పైకి వచ్చేలా కార్డును తిప్పి పట్టుకుంటే, ఉపాధ్యాయులు ఫోను కెమెరాను గదంతా ఒకసారి తిప్పుతారు. ఎవరు ఏ జవాబిచ్చారో ఫోను చదివేస్తుంది. ఏ ఇద్దరి కార్డులూ ఒకటి కావు, అక్షరాలు చిన్నవి, కనుక పక్కవాళ్లను చూసి తిప్పడం కుదరదు. కార్డులు జిరాక్సు తీసి అట్టకు అంటిస్తే ఏడాదంతా వస్తాయి. మెరిసే లామినేషన్ చేయిస్తే మాత్రం కిటికీ వెలుతురు పడి కెమెరా చదవలేదు. ఖర్చు ఒక ఫోను, కొన్ని కాగితాలు. తరగతిలో సగం మంది బి అన్నారని నిమిషంలో తెలిస్తే, పాఠం ముందుకు పోవాలా వెనక్కి రావాలా అన్నది అక్కడికక్కడే తేలుతుంది.

చిన్న తరగతుల్లో చదవడం నేర్పడానికి గూగుల్ రీడ్ ఎలాంగ్ ఉపయోగపడుతుంది. 2019 మార్చిలో భారత్‌లో బోలో అన్న పేరుతో వచ్చిన ఈ యాప్‌లో తెలుగు కథలూ ఉన్నాయి. పిల్లలు పైకి చదువుతుంటే విని, తడబడిన మాటను పలికి చూపుతుంది. కథలు ముందే దించుకుంటే నెట్ అక్కరలేదు. ఇంట్లో తెలుగు వినని పిల్లలకు సాయంత్రం పూట మాట అందించే తోడు ఇది. ఫోను ఇంటికి చేరాకే కుదురుతుందనుకోండి.

తెలుగు టైపింగ్ అనే అడ్డంకి

సాధనాల గురించి రాసేవారు దాదాపుగా పట్టించుకోని సమస్య ఒకటుంది. చాలామంది ఉపాధ్యాయుల దగ్గర ఏళ్ల తరబడి కూడబెట్టిన తెలుగు ప్రశ్నపత్రాలు, బిట్ బ్యాంకులు ఉంటాయి. అవి డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైపు చేయించినవి. వాటిని కాపీ చేసి గూగుల్ ఫారంలోనో క్విజ్ సైటులోనో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. ఆన్‌లైన్‌లో పనిచేసేది యూనికోడ్ తెలుగు ఒక్కటే. ఈ తేడా తెలియక, సైటుకు తెలుగు రాదనుకుని ఇంగ్లిషులోనే ప్రశ్నలు పెట్టడమో, మొత్తం మానుకోవడమో జరుగుతుంది. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు, పొల్లులు చెడుతుంటాయి, మళ్లీ చూసుకోవాలి. ఫోనులో మాట్లాడితే తెలుగు టైపు చేసే సౌకర్యం వచ్చాక పని చాలా తేలికైంది. అరగంట కూర్చుంటే పది ప్రశ్నలు చెప్పి రాయించవచ్చు. గణిత గుర్తులు, రసాయన సమీకరణాలు తెలుగు వాక్యంలో కలిసినప్పుడు ఇప్పటికీ చిక్కే. బొమ్మగా పెట్టడమే దగ్గరి దారి. ఏ శిక్షణలోనైనా మొదటి గంట దీనికి కేటాయిస్తే మిగతా గంటలు నిలబడతాయి.

ఫలితాల మాట

ఈ సాధనాల వల్ల చదువు మెరుగైందా అన్నదానికి భారత్‌లో జాగ్రత్తగా చేసిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు గణితం ఆటలు ఆడిన కార్యక్రమం మంచి ఫలితాలిచ్చిందని అభిజిత్ బెనర్జీ బృందం 2007లో ప్రచురించింది. అదే గుజరాత్‌లో జ్ఞాన్‌శాల పాఠశాలల్లో లీ లిండెన్ జరిపిన పరిశీలన ఇంకా విలువైనది. బడి వేళల్లో బోధన స్థానంలో కంప్యూటర్ పెట్టినచోట పిల్లలు నష్టపోయారు, బడి అయ్యాక అదనంగా వాడినచోట లాభపడ్డారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కటే. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాలపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మెరుగు కనిపించింది. తరగతి ఏదైనా ప్రతి పిల్లవాడికీ అతని స్థాయి ప్రశ్నలే రావడం అందుకు కారణమని వారు చూపారు. మరోవైపు పెరూ దేశంలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచి ఊరుకున్న కార్యక్రమం గణితంలో గానీ భాషలో గానీ ఫలితం చూపలేదు. యునెస్కో 2023 ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక కూడా సాంకేతికత ఎవరి షరతుల మీద వస్తోందని అడిగింది.

ఇవన్నీ ఉపాధ్యాయుల స్థానం గురించే చెబుతున్నాయి. వారిని తప్పించి పెట్టిన యంత్రం నష్టం చేసింది. వారి పాఠానికి తోడైనప్పుడు, పిల్లల స్థాయిని పట్టుకున్నప్పుడు లాభం చేసింది. అయితే సాధనాలు ఎప్పటికీ ఉంటాయన్న హామీ లేదు. లాక్‌డౌన్‌లో ఎంతోమంది నేర్చుకున్న గూగుల్ జామ్‌బోర్డు 2024 డిసెంబరు 31తో మూతపడింది. ఉచిత క్విజ్ సైట్లు క్రమంగా పరిమితులు పెడుతున్నాయి. పిల్లల పేర్లు, మార్కులు విదేశీ సర్వర్లకు చేరడం ఇంకో సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. రిజిస్టరు నంబరు తప్ప పూర్తి పేరు పెట్టకపోవడం ఏ బడి అయినా ఈరోజే అమలు చేయగల జాగ్రత్త.

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక పాఠం ప్రణాళిక, ప్రశ్నపత్రం తయారీ నిమిషాల పని అయింది. తెలుగు ప్రశ్నల్లో ఇది చేసే తప్పులు ఇంగ్లిషులో కంటే ఎక్కువ, పైగా నమ్మకంగా చేస్తుంది. సరిచూడకుండా తరగతికి తీసుకుపోకూడదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో ఏఎక్స్ఎల్ అనే కార్యక్రమాన్ని ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. వెనకబడ్డ పిల్లలు భాష, లెక్కల మీద కంప్యూటర్‌లో తమ స్థాయిలోనే అభ్యాసం చేయడం దీని పద్ధతి. ఢిల్లీ అధ్యయనం చూపిన దారి ఇదే. ఇక్కడా తేలవలసింది, ఆ కంప్యూటర్ చెప్పిన సమాచారంతో మరుసటి రోజు ఉపాధ్యాయులు ఏం చేస్తారన్నది.

నేర్చుకునే చోటు

తోటి ఉపాధ్యాయుల దగ్గర నేర్చుకున్నదే నిలుస్తుంది. అందుకు కొత్త సంస్థ పెట్టనక్కరలేదు, పాఠశాల కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. దగ్గరి బడుల వారు ఒకచోట చేరే ఆ పూటలో ఎక్కువ సమయం ఇప్పుడు ఉత్తర్వులు చదవడానికి, యాప్‌లలో నమోదుల పెండింగ్ చెప్పుకోవడానికి పోతోంది. హాజరుకు, మధ్యాహ్న భోజనానికి, యూనిఫారాలకు, పరీక్షలకు వేర్వేరు యాప్‌లు నింపే ఉపాధ్యాయులకు ఇంకో యాప్ అనగానే విసుగు పుట్టడం సహజం. ఆ భారం తగ్గించకుండా డిజిటల్ బోధన పెరగాలనడం అన్యాయం.

సమావేశంలో గంట సేపు ఒకే సబ్జెక్టు వారు కూర్చుని, వచ్చే నెలలో చెప్పబోయే ఒక్క పాఠం తీసుకుంటే పని మొదలవుతుంది. ఒకరు తాము వాడిన సిమ్యులేషన్‌ను పిల్లలకు చెప్పినట్టే చెబుతారు. మిగతావారు పిల్లల్లా జవాబులు రాస్తారు, ఎక్కడ తప్పు ఊహ రావచ్చో వెతుకుతారు, ప్రశ్నను సరిచేస్తారు. ఆ నెలలో ప్రతి ఒక్కరూ తమ తరగతిలో ఒకసారి వాడి, ఎంతమంది పిల్లలు ఏ జవాబిచ్చారో వచ్చే సమావేశానికి రాసుకొస్తారు. ఒకే ఉపాధ్యాయుడున్న తండా బడికీ, ఐఎఫ్‌పీ ఉన్న పట్టణం హైస్కూలుకీ అదే ప్రశ్న పనికొస్తుంది. ఒకచోట తెర మీద, ఒకచోట ప్లికర్స్ కార్డులతో, నెట్ లేనిచోట పలక మీద. జాతీయ విద్యా విధానం చెప్పిన 50 గంటల్లో ఈ గంటలను కూడా లెక్కలోకి తీసుకునేలా జిల్లా విద్యాధికారులు రాతపూర్వకంగా అనుమతిస్తే, అందుకు అదనపు నిధులేవీ అక్కరలేదు.